మా షాపులోకి కారు దూసుకొచ్చింది, నడిపినాయన చనిపోయారు. నష్టపరిహారం ఎవరిని అడగాలి?

రోడ్డుపక్కఇల్లు (జనవరి 26, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మాది సూర్యాపేట జిల్లాలో 65వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఊరు. ఇల్లు రోడ్డు మీదికే ఉంటుంది. ముందు గదిలో అమ్మ కిరాణా షాపు నడుపుతుంది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఆంధ్రా వైపు కార్లు ఎలా పోతాయో ఈ రోడ్డు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. భోగికి ముందు రోజు తెల్లవారుజామున ఒక కారు సర్వీసు రోడ్డు దాటేసి నేరుగా షాపులోకి వచ్చింది. అమ్మ వెనక గదిలో పడుకుంది కాబట్టి సరిపోయింది. కారు నడుపుతున్నాయన అక్కడికక్కడే చనిపోయారు. కారు కూడా ఆయనదే. భార్యకీ ఇద్దరు పిల్లలకీ దెబ్బలు తగిలాయి గానీ ప్రాణాపాయం లేదు. నిద్రమత్తులో జరిగిందని పోలీసులు అంటున్నారు.

షట్టరు, ముందు పిల్లరు ఒకటి, స్లాబు అంచు, ముందున్న రేకుల పంచ, ఫ్రిజ్, కాటా మిషను పోయాయి. పండగ బేరానికి తెచ్చిన నూనె డబ్బాలు పగిలి బియ్యం బస్తాల మీద కారాయి, ఆ బియ్యం ఎవరూ కొనరు. మేస్త్రీ, షట్టరు అతనూ కలిసి చెప్పిన లెక్క 3 లక్షల 80 వేలు. సరుకు ఇంకో 90 వేలు ఉంటుంది.

స్టేషన్‌లో అడిగితే "నిందితుడే చనిపోయాడు కదా, కేసు క్లోజ్ అవుతుంది" అన్నారు. ఊళ్లో కొందరు "చచ్చినోళ్ల ఇంటికి పోయి డబ్బులడుగుతారా, పాపం తగులుద్ది" అంటున్నారు. అమ్మ కూడా వద్దనే అంటోంది. కానీ ఆమెకి ఉన్న ఆధారం ఆ షాపొక్కటే. చనిపోయిన మనిషి మీద కేసు ఉంటుందా? ఉంటే ఎవరి మీద?

ఊరిపెద్ద60 (జనవరి 26, రాత్రి 10:05)

బాబూ, కోర్టులకెక్కితే నీ మనవడికి తీర్పు వస్తుంది. నలుగురు పెద్దమనుషుల్ని తీసుకుని వాళ్ల ఊరికి పో. వాళ్ల తరఫు పెద్దలతో కూర్చుంటే సగమో పావలో తేలుతుంది. మా కాలంలో ఇలాగే తేల్చుకునేవాళ్లం.

నల్లకోటు_నల్గొండ (జనవరి 26, రాత్రి 11:31)

పెద్దాయన మాట పూర్తిగా కొట్టిపారేయను గానీ ఇప్పుడు మాత్రం వెళ్లొద్దు. ఇంకా దినకర్మలు కూడా పూర్తయ్యాయో లేదో. పదిమందితో వాకిట్లో నిలబడితే వాళ్లు బెదిరింపు కేసు పెట్టినా పెడతారు.

అసలు విషయం. క్రిమినల్ కేసు మనిషితో పాటే ముగుస్తుంది, స్టేషన్‌లో చెప్పింది అదే. ఆస్తి నష్టానికి పరిహారం అడిగే సివిల్ హక్కు మాత్రం ముగియదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 306వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి మీద ఉన్న దావా హక్కులు అతను పోయాక అతని ఎస్టేట్ మీదికి వస్తాయి. పరువునష్టం, దాడి, ప్రాణం పోని శారీరక గాయాల లాంటివి దానికి మినహాయింపు. మీ షట్టరు, పిల్లరు ఆ మినహాయింపుల్లోకి రావు.

ఎస్టేట్ అంటే కంగారు పడకండి, ఆయన వదిలి వెళ్లిన ఆస్తి అంతే. వారసులు ఆ ఆస్తి మేరకే బాధ్యులు. భార్య జీతం, ఆమె పుట్టింటి బంగారం మీరు ముట్టుకోలేరు.

ఇది కారు ప్రమాదం కాబట్టి మీకు ఇంకో సెక్షన్ కూడా పనికొస్తుంది. మోటారు వాహనాల చట్టం 155. ప్రమాదం జరిగాక పాలసీదారు చనిపోయినా అతని ఎస్టేట్ మీద గానీ ఇన్సూరెన్స్ కంపెనీ మీద గానీ మీ క్లెయిమ్ ఆగదని అందులో సూటిగానే ఉంది. కాబట్టి ముందు పాలసీ సంగతి చూడండి. ఎం పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఏ కంపెనీది, ఎప్పటివరకు ఉందో వస్తుంది.

సర్వేయర్_మామ (జనవరి 27, ఉదయం 6:50)

నేను ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా చేసి రిటైరయ్యాను. వకీలు గారు చెప్పింది నిజమే. నా వైపు నుంచి కొన్ని మాటలు.

మొదటిది, ఏదీ బాగుచేయించకముందే ఫొటోలు, వీడియోలు తీయండి. దూరం నుంచి తీసినవీ కావాలి, పగుళ్ల పక్కన టేపు పెట్టి తీసినవీ కావాలి. దగ్గర్లో పెట్రోల్ బంకు గానీ దాబా గానీ ఉంటే సీసీ కెమెరా ఫుటేజ్ ఇవాళే అడగండి. చాలా చోట్ల కొన్నాళ్లకి పాతదాని మీదే కొత్తది రికార్డవుతుంది.

మేస్త్రీ నోటిమాట లెక్క ఎవరూ ఒప్పుకోరు. లైసెన్స్ ఉన్న ఇంజనీరుతో ఎస్టిమేట్ రాయించండి. పిల్లరుకి ఎంత, స్లాబు అంచుకి ఎంత, షట్టరుకి ఎంత అని విడివిడిగా ఉండాలి. సరుకుకైతే హోల్‌సేల్ షాపు బిల్లులు. అమ్మగారు చిట్టా పుస్తకం రాస్తారా?

ఇంకొకటి, ఇబ్బందిగా ఉన్నా అడుగుతున్నా. ఆ రేకుల పంచ మీ స్థలంలోనే ఉందా, రోడ్డు మార్జిన్లో ఉందా?

రోడ్డుపక్కఇల్లు (జనవరి 27, ఉదయం 8:15)

థాంక్యూ మామగారూ. చిట్టా ఉంది, అమ్మ రోజూ రాస్తుంది. బిల్లులు సగం ఉన్నాయి, సగం తెల్ల కాగితాల మీదే. పంచ మాత్రం... మార్జిన్లోనే ఉంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడే మా గుంజల దాకా వచ్చింది.

సర్వేయర్_మామ (జనవరి 27, ఉదయం 8:40)

అయితే పంచని వదిలేయండి. దాన్ని కలిపితే ఆక్రమణలో ఉన్న కట్టడం అంటూ అవతలి వకీలు మొత్తం క్లెయిమ్‌నే తిప్పుతాడు. ముప్పై వేల రేకుల కోసం మూడు లక్షల గోడని అనుమానంలో పెట్టకండి.

అమ్మగారికి ముద్ర లోన్ గానీ షాపు మీద ఇంకేదైనా బ్యాంకు లోన్ గానీ ఉందా? ఉంటే పాస్‌బుక్‌లో ఏడాదికోసారి చిన్న మొత్తం ఇన్సూరెన్స్ పేరుతో కట్ అయిందేమో చూడండి. చాలామందికి తమ సరుకుకి పాలసీ ఉందన్న సంగతే తెలియదు. 2021 నుంచి చిన్న వ్యాపారాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష అనే పాలసీ ఉంది. బయటి వాహనం వచ్చి గుద్దిన నష్టం కూడా అందులో కవర్ అవుతుంది.

డల్లాస్_దోస (జనవరి 27, ఉదయం 9:22)

ఇక్కడ అమెరికాలో ఎవరైనా పోతే కోర్టు ద్వారా ఎస్టేట్ తెరుస్తారు. దాన్ని చూసుకునే మనిషి పేపర్లో నోటీసు వేస్తాడు. రావాల్సినవాళ్లు గడువులోపు క్లెయిమ్ వేసుకోవాలి. మనదగ్గర అలా లేదా?

నల్లకోటు_నల్గొండ (జనవరి 27, ఉదయం 10:02)

మనదగ్గర విల్లుకి ప్రొబేట్ (కోర్టు ధ్రువీకరణ) తీసుకున్నప్పుడో, కోర్టు అడ్మినిస్ట్రేటర్‌ని వేసినప్పుడో ఎస్టేట్‌కి ఒక మనిషి ఉంటాడు. తెలుగు రాష్ట్రాల్లో మామూలు కుటుంబాల్లో ఆ రెండూ అరుదు. ఆస్తి నేరుగా వారసుల చేతికి పోతుంది, కాబట్టి మనం వారసుల్నే ప్రతివాదులుగా చేరుస్తాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 2(11) ప్రకారం ఆస్తిలో చేయిపెట్టి వ్యవహారం నడుపుతున్న బయటివాడు కూడా చట్టపరమైన ప్రతినిధే. కోర్టు భాషలో ఎల్.ఆర్.లు అంటాం.

రోడ్డుపక్కఇల్లు గారూ, చనిపోయినాయన పేరు మీద మాత్రం నోటీసు గానీ కేసు గానీ వేయకండి. చనిపోయిన మనిషి మీద వేసిన కేసు పుట్టుకతోనే చెల్లదు. ఆయన హిందువు అయితే మొదటి తరగతి వారసులు భార్య, పిల్లలు, తల్లి. తండ్రి రెండో తరగతి, వీళ్లుండగా ఆయనకి వాటా రాదు.

మీ ఇల్లు ఎవరి పేరున ఉంది?

రోడ్డుపక్కఇల్లు (జనవరి 27, మధ్యాహ్నం 1:30)

నాన్న పేరు మీదే సార్. నాన్న పోయి ఆరేళ్లయింది, మార్పించుకోలేదు. ఇంటి పన్ను రశీదు కూడా ఆయన పేరుతోనే వస్తుంది. వారసులం అమ్మ, నేను, చెల్లి. చెల్లి కోదాడలో ఉంటుంది.

నల్లకోటు_నల్గొండ (జనవరి 27, మధ్యాహ్నం 2:10)

అయితే మీ ముగ్గురూ పిటిషనర్లు. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి ఇవాళే పెట్టండి, తహసీల్దార్ ఆఫీసు నుంచి రావాలి. చెల్లెల్ని వదిలేసి వేస్తే ఆ ఒక్క లోపం మీదే వాయిదాలు నడుస్తాయి.

వేయాల్సింది ఎం.వి.ఓ.పి., అంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేసే పిటిషన్, సూర్యాపేటలోనే. ప్రమాదం జరిగిన చోటు గానీ మీరుండే చోటు గానీ ఆ పరిధిలో ఉంటే చాలు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. ట్రిబ్యునల్ అంటే ప్రాణనష్టానికే అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్లో ఆస్తి యజమాని కూడా వేయొచ్చని ఉంది. రెండు వేలు దాటిన ఆస్తి నష్టానికి మామూలు సివిల్ కోర్టుకీ వెళ్లొచ్చు. కానీ అక్కడ కోర్టు ఫీజు ఎక్కువ.

గడువు గుర్తుపెట్టుకోండి. 2022 ఏప్రిల్ నుంచి ట్రిబ్యునల్‌లో వేయడానికి ప్రమాదం తేదీ నుంచి ఆరు నెలలే. దీని మీద పైకోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి గానీ ఆ వాదనల్ని నమ్ముకుని ఆలస్యం చేయకండి.

చారు_ప్రియుడు (జనవరి 27, సాయంత్రం 5:48)

ఎందుకింత తిప్పలు? కారు కొన్నవాడి భార్య కూడా ఉద్యోగమే చేస్తూ ఉంటుంది. ఆమె మీద వేసి జీతం ఎటాచ్ చేయించండి. పైగా సొంత కారుకి 15 లక్షల ప్రమాద బీమా కూడా వస్తుందిగా. ఏడుపు ఒకపక్క, డబ్బులు ఇంకోపక్క.

మోడరేటర్ (జనవరి 27, సాయంత్రం 6:20)

పై పోస్టు చివరి వాక్యం లాంటివి ఇంకోసారి వస్తే తొలగిస్తాం. ఆ కుటుంబం వాళ్లు ఇది చదవొచ్చు.

గోదారిగట్టు (జనవరి 27, రాత్రి 8:55)

నేను అవతలి వైపు నుంచి చెప్తాను.

మాది రాజమండ్రి దగ్గర. మా నాన్న మేడ కట్టిస్తుంటే సెంట్రింగ్ ఒరిగి పక్కింటి పెంకుల మీద పడింది. రెండు నెలలు తిరక్కుండానే నాన్న గుండెపోటుతో పోయారు. మాసికం రోజున పోస్టుమాన్ ఒక కవరు తెచ్చాడు. నాన్న పేరు మీద లాయర్ నోటీసు. "పదిహేను రోజుల్లో చెల్లించని యెడల మీ స్థిరచరాస్తులు జప్తు" అని ఉంది. విస్తరి ముందు కూర్చున్న అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంటివాళ్లతో మాకు అంతకుముందు పచ్చళ్లు ఇచ్చిపుచ్చుకునే స్నేహం.

తర్వాత ఆ పక్కింటి బాబాయి గారే వచ్చారు. చేతిలో ఒక తెల్ల కాగితం. పెంకులు ఇన్ని, దూలం ఒకటి, కూలి ఇంత అని రాసి ఉంది. వకీలు పంపాడమ్మా, ఇలా రాస్తాడని నాకు తెలీదు అన్నారు. నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ విడిపించి ఇచ్చాం. అడగడం తప్పని మాకెవరికీ అనిపించలేదు. పెంకులు పగిలింది నిజం కదా. నొప్పించింది ఆ కవరే.

కాబట్టి తమ్ముడూ, అడుగు. లెక్క రాసి అడుగు. మొదటి నెల మాత్రం ఆగు.

ఊరిపెద్ద60 (జనవరి 27, రాత్రి 9:30)

ఈ అమ్మాయి చెప్పింది బాగుంది. నేను చెప్పబోయిందీ ఇదే, చెప్పడం రాలేదు.

నల్లకోటు_నల్గొండ (జనవరి 27, రాత్రి 10:15)

గోదారిగట్టు గారికి నమస్కారం. మా వాళ్ల నోటీసుల భాష గురించి నాకూ సిగ్గుగానే ఉంటుంది. కంప్యూటర్లో ఒకే నమూనా పెట్టుకుని పేరు మార్చి కొడతారు.

చారు_ప్రియుడు గారికి జవాబు. జీతం సంగతి నిన్నే చెప్పాను, ఆమె జీతం ఆమెది. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మీద కన్నేయమని నేను ఎవరికీ చెప్పను. జీవిత బీమా డబ్బు, ప్రావిడెంట్ ఫండ్ అయితే చట్టమే అడ్డం నిలబడుతుంది. సీపీసీ 60వ సెక్షన్ ప్రకారం వాటిని ఎటాచ్ చేయలేరు. పీఎఫ్ నామినీ చేతికి వచ్చాక కూడా పోయినాయన అప్పులతో దానికి సంబంధం ఉండదు. మిగిలేది ఇల్లు, స్థలం, బ్యాంకు బ్యాలెన్సు, బండి. వాటి మీద కూడా తాకట్టు ఉంటే ముందు బ్యాంకుదే.

కొడుకులు తండ్రి అప్పు తీర్చడం ధర్మం కాబట్టి సొంత ఆస్తి నుంచైనా కట్టాలి అని పాతకాలంలో ఒక వాదన ఉండేది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత ఏర్పడిన అప్పులకి ఆ ఒక్క కారణంతో కొడుకుల మీద పడటానికి వీల్లేదు.

మియాపూర్_201 (జనవరి 28, ఉదయం 7:05)

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాది వేరే కథ. పక్క ప్లాటాయన సెల్లార్ కోసం తవ్వితే మా ప్రహరీ కూలింది, హాల్లో పగుళ్లు వచ్చాయి. ఆయన మీద దావా నడుస్తుండగా ఆయన పోయారని మొన్న మా వాచ్‌మన్ చెప్పాడు. మా లాయర్ "చూద్దాం లెండి" అంటున్నారు. చూడొచ్చా?

నల్లకోటు_నల్గొండ (జనవరి 28, ఉదయం 7:40)

చూడొద్దు! నడుస్తున్న దావాలో ప్రతివాది పోతే 90 రోజుల్లో అతని ఎల్.ఆర్.లని రికార్డులోకి తేవాలి. సీపీసీ ఆర్డర్ 22, రూల్ 4. తేకపోతే ఆయన వరకు దావా అబేట్ అవుతుంది, అంటే అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంకో 60 రోజుల్లో అబేట్‌మెంట్ కొట్టేయమని అడగొచ్చు, అదీ దాటితే ఆలస్యానికి కారణాలు చెప్పుకుంటూ తిరగాలి. ఆయన తరఫు లాయరుకి తెలిస్తే కోర్టుకి చెప్పాల్సిన బాధ్యత ఉంది, అయినా మీరు దాని మీద ఆధారపడకండి. ఏ తేదీన పోయారో మునిసిపాలిటీ డెత్ సర్టిఫికెట్ ద్వారా తెలుసుకుని, ఇవాళే మీ లాయర్ దగ్గరికి వెళ్లండి.

ఒకవేళ ఆయన దావా వేయకముందే పోయి ఉంటే లెక్క వేరే. గోడ కూలిన రోజు నుంచి మామూలుగా మూడేళ్లు. మనిషి పోయాడని ఆ గడియారం ఆగదు. 1855 నాటి ఒక చిన్న చట్టం కూడా ఉంది, వారసుల మీద దావాల గురించి. అందులో మరణానికి ముందు ఏడాదిలోపు జరిగిన తప్పు అనే షరతు కనిపిస్తుంది. అవతలి వకీళ్లు దాన్ని బయటికి తీస్తుంటారు. మన జవాబు పైన చెప్పిన 306వ సెక్షన్. అయినా ఆ గొడవే రాకుండా తొందరగా వేసుకోవడం మేలు.

మియాపూర్_201 (జనవరి 28, ఉదయం 7:52)

టెన్షన్ వచ్చేసింది సార్. ఇప్పుడే బయల్దేరుతున్నా.

రోడ్డుపక్కఇల్లు (మార్చి 8, సాయంత్రం 6:30)

అప్‌డేట్. కొంచెం మంచి, చాలా చెడు.

మంచి వార్త, సర్వేయర్ మామగారు చెప్పినట్టే అమ్మ పాస్‌బుక్‌లో ఇన్సూరెన్స్ కట్ అయింది. ముద్ర లోన్‌తో పాటే సరుకుకి పాలసీ తీశారు. బ్యాంకు మేనేజర్‌కే వెతికితే గానీ దొరకలేదు. చిట్టా పుస్తకం జిరాక్స్ తీసుకుని సర్వేయర్ వచ్చి చూసి వెళ్లారు.

చెడు వార్త. స్టేషన్ నుంచి ఎఫ్ఐఆర్, పంచనామా, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, కారు పాలసీ కాపీ వచ్చాయి. పాలసీ ఫుల్ ఇన్సూరెన్సే. కానీ మూడో పేజీలో చిన్న అక్షరాల్లో టీపీపీడీ 6,000కి పరిమితం అని ఉంది. లాయర్ గారు చూసి తల పట్టుకున్నారు. అంటే మాకు వచ్చేది ఆరు వేలేనా?

సర్వేయర్_మామ (మార్చి 8, సాయంత్రం 7:10)

అయ్యో. టీపీపీడీ అంటే బయటివాళ్ల ఆస్తి నష్టానికి ఇచ్చే కవర్. ప్రైవేటు కారుకి మామూలుగా ఏడున్నర లక్షల దాకా ఉంటుంది. ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకునేటప్పుడు అక్కడ ఒక టిక్కు పెడితే ఆరు వేలకి కుదిస్తారు, ప్రీమియంలో వంద రూపాయలో ఎంతో తగ్గుతుంది. ఆ వంద చూసి టిక్కు పెట్టేవాళ్లున్నారు. ఇది చదివేవాళ్లంతా ఒకసారి మీ మీ పాలసీలు తీసి చూసుకోండి.

కంపెనీ ఆరు వేలే ఇస్తుంది. మిగతాది ఆయన ఎస్టేట్ నుంచే రావాలి.

చారు_ప్రియుడు (మార్చి 8, రాత్రి 8:00)

అదిగో, మళ్లీ ఆ ఇల్లాలి దగ్గరికే వచ్చాం.

సర్వేయర్_మామ (మార్చి 8, రాత్రి 8:25)

ఆగండి. పాలసీ ఫుల్ అన్నారు కదా. అంటే ఆ కారు నష్టానికి కూడా క్లెయిమ్ ఉంటుంది. అంతలా నుజ్జయిన కారు టోటల్ లాస్ కిందే పోతుంది. పాలసీలో ఐడీవీ, అంటే కారుకి కట్టిన విలువ, ఎంత రాసి ఉందో చూడండి. కంపెనీ ఆ మొత్తానికి దగ్గరగా వారసులకి ఇస్తుంది, కారు మీద లోన్ బాకీ ఉంటే ముందు ఫైనాన్స్ వాళ్లకి పోతుంది. మిగిలిన డబ్బు జీవిత బీమా కాదు, పీఎఫ్ కాదు. పోయినాయన వస్తువుకి బదులుగా వచ్చిన డబ్బు.

నల్లకోటు_నల్గొండ (మార్చి 8, రాత్రి 9:05)

మామగారూ, దండాలు. అది అచ్చంగా ఎస్టేటే. వారసులు ముందు బాకీలు తీర్చి తర్వాత పంచుకోవాలి. తీర్చకుండా ఖర్చు చేసేస్తే, ఆ డబ్బు సరైన దానికే వాడామని కోర్టుకి చూపించాలి. చూపించలేకపోతే అంత మేరకు సొంత బాధ్యత అవుతుంది, సీపీసీ 52వ సెక్షన్. పైగా ఇల్లు అమ్మించక్కర్లేదు, పిల్లల నెత్తిన కప్పు తీయక్కర్లేదు. మీరు అడగడానికీ వాళ్లు ఇవ్వడానికీ ఇంతకంటే మర్యాదైన డబ్బు దొరకదు.

ఇప్పుడు చేయాల్సింది. ఎం.వి.ఓ.పి. వేసేయండి, గడువు మన చేతిలో ఉండాలి. ప్రతివాదులు భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు, ఇన్సూరెన్స్ కంపెనీ. పిల్లలు మైనర్లు కాబట్టి వాళ్లమ్మ గార్డియన్‌గా. సరుకు నష్టం ఇందులో కలపకండి. దానికి బ్యాంకు పాలసీ డబ్బు ఇచ్చేటప్పుడు మీతో సబ్రొగేషన్ లెటర్ మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ హక్కు కంపెనీకి పోతుంది, మీరు రెండోసారి అడగకూడదు.

సమన్లు వెళ్లేలోపు ఒక మామూలు ఉత్తరం రాయండి. వకీలు లెటర్‌హెడ్ వద్దు.

గోదారిగట్టు (మార్చి 8, రాత్రి 9:40)

ఆ ఉత్తరం నేను రాసిపెట్టనా తమ్ముడూ? మొదట ఆమె, పిల్లలు ఎలా ఉన్నారని అడుగు. కోర్టు కాగితం వస్తుందని, గడువు ఉంది కాబట్టి వేయాల్సి వచ్చిందని, దానిలో పిల్లల పేర్లు చూసి భయపడొద్దని ముందే చెప్పు. ఇంజనీరు ఎస్టిమేట్ కాపీ, ఫొటోలు రెండు జతచెయ్యి. కారు ఇన్సూరెన్స్ డబ్బులోంచి ఇవ్వగలరా అని అడుగు. జప్తు అనే మాట ఎక్కడా రాకూడదు.

రోడ్డుపక్కఇల్లు (మార్చి 8, రాత్రి 10:12)

రాసిపెట్టండక్కా. నేను రాస్తే ఆఫీసు ఈమెయిల్లా వస్తుంది.

మియాపూర్_201 (ఏప్రిల్ 2, ఉదయం 11:20)

మా సంగతి. ఆయన పోయి అప్పటికే డెబ్బై రోజులు దాటింది! ఎల్.ఆర్. పిటిషన్ గడువులోపే పడింది. అమెరికాలో ఉన్న కొడుకుని కూడా చేర్చారు. నల్లకోటు గారికి హైదరాబాద్ వస్తే బిర్యానీ బాకీ.

రోడ్డుపక్కఇల్లు (సెప్టెంబరు 21, రాత్రి 9:50)

చాలా రోజులైంది. కేసు మే నెలలో వేశాం. ఉత్తరం అంతకుముందే పోయింది. వారం పాటు ఏ కబురూ లేదు. తర్వాత పోయినాయన తండ్రి ఫోన్ చేశారు. వాటా లేని మనిషే గానీ మొత్తం వ్యవహారం ఆయనే చూసుకుంటున్నారు. ముందు అమ్మతో మాట్లాడతానన్నారు. ఆ రోజు కారులోంచి పిల్లల్ని బయటికి లాగింది అమ్మా, పక్క పంక్చర్ షాపతనే అని వాళ్లకి కోడలు చెప్పిందట. మాకు అమ్మ ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

బేరం మాత్రం గట్టిగానే జరిగింది. ఎస్టిమేట్‌లో పంచ తీసేశాక 3 లక్షల 42 వేలు తేలింది. షట్టరు, ఫ్రిజ్ పాతవి కాబట్టి తరుగుదల తీయాలన్నారు, అది న్యాయమే. ఏదో లారీ ఓవర్‌టేక్ చేయబోతే దాన్ని తప్పించుకునే క్రమంలో కారు ఇటు వచ్చిందని కంపెనీ వకీలు కౌంటర్‌లో (పిటిషన్‌కి ఇచ్చే జవాబులో) రాశాడు. ఆరు వేలకి అంత కౌంటర్ ఎందుకో నాకర్థం కాలేదు. బంకు ఫుటేజ్‌లో లారీ ఏదీ లేదు. మామగారి మాట విని ఆ వారంలోనే పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నాం కాబట్టి సరిపోయింది.

మొన్న లోక్ అదాలత్‌లో 2 లక్షల 60 వేలకి రాజీ అయింది. కారు లోన్ తీరాక వాళ్లకి మిగిలినదాంట్లోంచే ఇచ్చారు. పిల్లల వాటా కూడా అందులో ఉంది కాబట్టి రాజీకి కోర్టు అనుమతి కోసం వేరే ఐ.ఏ. (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) వేయాల్సి వచ్చింది. చెల్లి కోదాడ నుంచి వచ్చి సంతకం పెట్టి వెళ్లింది. డబ్బు అమ్మ ఖాతాలో పడింది. కంపెనీ ఆరు వేలు ఇంకా రాలేదు.

ఊరిపెద్ద60 (సెప్టెంబరు 21, రాత్రి 10:20)

మొత్తానికి కూర్చునే తేలింది కదా బాబూ. నేనన్నది అదే.

నల్లకోటు_నల్గొండ (సెప్టెంబరు 21, రాత్రి 10:41)

పెద్దాయనా, చేతిలో పిటిషన్ నంబరు పెట్టుకుని కూర్చోబట్టి తేలింది. ఉత్తి చేతులతో వెళ్తే ఏమయ్యేదో చెప్పలేం. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీల్ లేదు. కాబట్టి ఇటు వాళ్లకీ అటు మీకూ మళ్లీ కోర్టు మెట్లెక్కే పని ఉండదు. కంపెనీ ఆరు వేలు ఇవ్వకపోతే మాత్రం ఇ.పి. (అవార్డు అమలు చేయించే పిటిషన్) వేద్దాం, ఫీజు నాకొద్దు, సరదాకి వేస్తా.

సర్వేయర్_మామ (సెప్టెంబరు 22, ఉదయం 6:35)

సరుకు క్లెయిమ్ ఏమైంది?

రోడ్డుపక్కఇల్లు (సెప్టెంబరు 22, ఉదయం 8:05)

జూన్‌లోనే వచ్చింది మామగారూ, 61 వేలు. తెల్ల కాగితాల బిల్లులు ఒప్పుకోలేదు. ఇప్పుడు హోల్‌సేల్ వాళ్ల దగ్గర జీఎస్టీ బిల్లు ఇవ్వకపోతే అమ్మ బస్తా దించనివ్వట్లేదు.